మంచినీళ్ళ సంఘానికి ఐదుగురు ఉపాధ్యక్షులు

జూన్ 6

బాబాయ్,

పిన్ని రాసిన కార్డు చేరింది. నేను చిక్కిపోయి ఉంటానని ఆవిడ అనుమానం. చిక్కలేదని చెప్పు. ఇక్కడ ఫోను పలకదు కాబట్టి ఏ సంగతైనా ఉత్తరాల్లోనే. వారానికి రెండుసార్లు బస్సు వస్తుంది. కండక్టరుకి ఇస్తే మీ వీధి చివర పోస్టు డబ్బాలో వేస్తాడు. మంచివాడు. కాకపోతే అడ్రసు చదివి, ఎవరికి ఏం రాశానో అడుగుతాడు.

నేను ఇక్కడ నర్సుగా చేరి మూడు నెలలైంది. ఆసుపత్రి అంటే రెండు గదులు. ఒకదాంట్లో మందులు, ఒకదాంట్లో నేను. చుట్టూ రాళ్ళ క్వారీ, అందులో పనిచేసేవాళ్ళవి నూట ఎనభై ఇళ్ళు. వీళ్ళు తాగేది పాత క్వారీ గుంతలో నిలిచిన వాననీళ్ళు. అందులోనే బట్టలు ఉతుకుతారు, అందులోనే లారీలు కడుగుతారు. నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఎనిమిది మందిని పంపించేది ఆ గుంతే. మాత్రలు ఇస్తాను. ఆ మాత్రని అవే నీళ్ళతో మింగుతారు.

నీతో చిన్న పని పడింది. రెండడుగుల రేకు మీద "ఈ నీళ్ళు తాగకండి" అని రాసి కండక్టరుకి ఇవ్వు. అంతే. పువ్వులు వద్దు, అంచులు వద్దు. నీ సంగతి తెలుసు కాబట్టి ముందే చెబుతున్నా.

నీ అన్న కూతురు
బుల్లి


జూన్ 15

బుల్లీ,

నీ ఉత్తరం షాపులో నిలబడే చదివాను. టీ కొట్టాయన, లెక్కల మాస్టారు అక్కడే ఉన్నారు కాబట్టి పైకి చదవాల్సి వచ్చింది.

అంచులు వద్దన్నావు, వేయలేదు. పువ్వులు వద్దన్నావు, వేయలేదు. కానీ ఉత్త అక్షరాలు రాసి పంపడానికి నాకు చెయ్యాడలేదు. ముప్ఫై ఏళ్ళుగా బోర్డులు రాస్తున్నవాణ్ణి, రేపు ఎవరైనా చూసి "ఇది ఫలానా ఆర్టిస్టు పనా" అంటే తల ఎక్కడ పెట్టుకోను? పైగా అక్కడ చదువు రానివాళ్ళు ఉంటారని నువ్వు ఆలోచించినట్టు లేదు. అందుకని ఒక బొమ్మ వేశాను. నిండు బిందె, అంచు మీంచి ఒలుకుతున్న నీళ్ళు. ఆ నీళ్ళ కోసం మూడు నీలాలు కలిపాను. ఆరడానికి షాపు ముందు పెడితే దారిన పోయేవాళ్ళు ఇద్దరు లోపలికి వచ్చి, చల్లటి నీళ్ళు ఉన్నాయా అని అడిగారు. నేను వేసినవాటిలో ఇది రెండో గొప్పది. మొదటిది చెప్పుల షాపుది. రెండడుగుల్లో బిందె ఇమడక బోర్డు నాలుగడుగులైంది. కండక్టరు దానికి అర టికెట్టు కొట్టాడు.

లెక్కల మాస్టారు నీ ఉత్తరంతో ఏకీభవించలేదు. నీళ్ళు నీళ్ళేనట. మన తాతలు గుంతల్లోవి తాగే తొంభై ఏళ్ళు బతికారట. వాళ్ళ తాత ముప్ఫై ఎనిమిదికే పోయాడు కదా అని టీ కొట్టాయన గుర్తుచేశాడు. అది వేరే లెక్క అన్నారు మాస్టారు.

చిక్కలేదని నువ్వే రాశావు కాబట్టి చిక్కే ఉంటావని పిన్ని అంటోంది.

బాబాయ్


జూన్ 24

బాబాయ్,

బోర్డు చేరింది. గుంత ఒడ్డున పాతించాం.

ఇక్కడ చదవడం వచ్చినవాళ్ళు పదకొండు మంది. వాళ్ళు ఆ నీళ్ళు తాగడం తగ్గించారు. మిగతావాళ్ళు బొమ్మ చూశారు. ఇక్కడ మంచినీళ్ళు దొరుకుతాయని ఎవరో పెద్దవాళ్ళు బోర్డు పెట్టించారని అనుకున్నారు. పక్క క్వారీ వాళ్ళు ఇదివరకు ఇటు వచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు బిందెలతో వస్తున్నారు. మొన్న ఒక ముసలాయన నీ బొమ్మకి దణ్ణం పెట్టి మరీ తాగాడు. బొమ్మ మీద గోనెసంచి కట్టేశాను. నీకు బాధగా ఉంటుందని తెలుసు. ఆ సంచి కట్టేటప్పుడు కూడా బొమ్మ బాగుందనే అనుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. కొండ మీద ఊట ఉంది. ఎండాకాలంలో కూడా ఆగదట. మేస్త్రి వచ్చి కొలిచాడు. నాలుగు వేల అడుగుల పైపు, ఒక ట్యాంకు, నాలుగు కుళాయిలు ఉంటే చాలన్నాడు. మా ఆఫీసుకి రాస్తే వచ్చే బడ్జెట్టులో చూస్తామని జవాబు వచ్చింది. ఏ సంవత్సరం బడ్జెట్టో రాయలేదు. ఇక్కడ పొదుపమ్మ అనే ఆవిడని అడిగితే, ఎవరైనా పైపు ఇప్పిస్తే కాలువ తవ్వడానికి ఇంటికొకరిని తను తీసుకొస్తానంది. మీ వీధిలో అడిగి చూస్తావా? ఎంత వస్తే అంత.

రెండు సీసాలు పంపుతున్నాను. ప్లాస్టరు మీద "ఊట" అని ఒకదానికి, "గుంత" అని ఒకదానికి రాశాను. రెండూ ల్యాబులో చూపించు. ఊట నీళ్ళు మంచివని కాగితం ఉంటేనే మేస్త్రి పని మొదలుపెడతాడు.

బుల్లి


జూలై 5

బుల్లీ,

గోనెసంచి గురించి నేనేమీ అనను. గోనెసంచికి గాలాడే గుణం ఉంటుంది కాబట్టి పెయింటు పాడవదు.

శుభవార్త. మంచినీళ్ళ సంఘం పెట్టాం. అధ్యక్షుణ్ణి నేను. ఉపాధ్యక్షులు ఐదుగురు. ఒక్కరే చాలని నేనన్నాను కానీ, మిగతా నలుగురూ అప్పటికే వచ్చి కూర్చున్నారు. సభ్యులు ఇంకా లేరు. మీ దగ్గర పొదుపు సంఘం కూడా ఉందని, పొదుపమ్మగారు దానికి అధ్యక్షురాలని నీ ఉత్తరం వల్ల తెలిసి అందరం సంతోషించాం. వాళ్ళ సంఘం ఎంత వేసుకుంటుందో కనుక్కోమని మా వాళ్ళు రాయమన్నారు. అడగందే అమ్మయినా పెట్టదు కదా.

ఊట సీసా ల్యాబుకి ఇచ్చాను. నిక్షేపంలాంటి నీళ్ళని కాగితం ఇచ్చారు, ఇందులో పెట్టాను. గుంత సీసా వాళ్ళు తీసుకోలేదు. చూడగానే, దీనికి పరీక్ష దండగ అన్నారు. తెచ్చి షాపు బల్ల మీద చందాల హుండీ పక్కన పెట్టాను. నాలుగు రోజులకి మట్టి అడుక్కి దిగి, పైన తేటగా కనిపించింది. అదే కొంప ముంచింది.

ఆదివారం సాయంత్రం లెక్కల మాస్టారు వచ్చారు. సీసా ఎత్తి వెలుగులో చూశారు. "ఇందులో ఏముందయ్యా! అద్దంలా ఉంటేను. ఈ మాత్రానికి సంఘాలా, హుండీలా?" అన్నారు. వద్దు మాస్టారూ అని నేను అంటూనే ఉన్నాను. పదిమంది చూస్తుండగా గ్లాసులో పోసుకుని గటగటా తాగేశారు. మూతి తుడుచుకుని, "చూశారా?" అన్నారు. అందరం చూశాం. చాలాసేపు చూశాం. ఏమీ కాలేదు. ముగ్గురు హుండీలో వేసిన డబ్బు వెనక్కి అడిగారు.

మంగళవారం తెల్లారేసరికి ఏమీ కాకపోవడం ఆగిపోయింది. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. గంటలో సెలైన్ ఎక్కించారు. నాలుగు రోజులు ఉంచారు. ఇప్పుడు ప్రాణానికి భయం లేదు. ఈ నాలుగు రోజుల్లో హుండీ రెండుసార్లు నిండింది. ఒకరకంగా మనకి మంచే జరిగింది.

బాబాయ్
(అధ్యక్షుడు)


జూలై 11

బాబాయ్,

మంచి జరిగిందని రాశావు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ల్యాబులో చూపించమన్నాను. బల్ల మీద పెట్టమనలేదు. ఆ సీసా ఇంకా ఉంటే పారబొయ్యి. సీసా కూడా పారెయ్యి.

మాస్టారికి గంటలో సెలైన్ ఎక్కినందుకు సంతోషం. పొదుపమ్మ ఏ సంఘానికీ అధ్యక్షురాలు కాదు. క్వారీలో కంకర కొడుతుంది. మాటలు పొదుపుగా వాడుతుందని ఇక్కడివాళ్ళు ఆ పేరు పెట్టారు. మే నెలలో వాళ్ళ పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. ఎనిమిది నెలల పిల్ల. ఆ రోజు బస్సు లేదు. నా దగ్గర సెలైన్ లేదు, కావాలని రాసి అప్పటికి ఐదు వారాలైంది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో పడుతూ, ఇద్దరం మార్చి మార్చి ఎత్తుకుని పెద్ద రోడ్డు వైపు నడిచాం. తొమ్మిది కిలోమీటర్లు. ఏడో కిలోమీటరు రాయి దగ్గర పొదుపమ్మ ఆగిపోయింది. "ఇంక నడవక్కర్లేదమ్మా" అంది. అంతే అంది. ఆ ఏడూ మళ్ళీ వెనక్కి నడిచాం. మర్నాడు ఆవిడ పనిలోకి వెళ్ళింది. వెళ్ళకపోతే ఆ రోజు కూలి రాదు.

నీకు ఇది రాయలేదు. రాస్తే నువ్వు పిన్నికి చదివి వినిపిస్తావు, పిన్ని నన్ను వచ్చేయమంటుంది. ఏదో ఒకటి చెయ్యాలనిపించి బోర్డు అడిగాను. పువ్వులు వద్దన్నది అందుకే.

పొదుపమ్మ ఎంత వేసుకుంటుందని మీ ఉపాధ్యక్షులు అడిగితే, ఆవిడ వాటా ముందే వేసిందని చెప్పు.

బుల్లి


జూలై 28

బుల్లీ,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. ఏం రాయాలో తెలియక.

నీ ఉత్తరం పిన్నికి చదివి వినిపించాను. నిన్ను వచ్చేయమని అనలేదు. మోకాలి ఆపరేషనుకి దాచిన డబ్బు తెచ్చి నా ముందు పెట్టింది. "మోకాలు ఇన్నేళ్ళు ఆగింది, ఇంకో ఏడాది ఆగుతుందిలే" అంది. మోకాలిని ఎవరూ అడగలేదు.

సంఘంలో నీ ఉత్తరం చదవలేదు. మాస్టారికి ఒక్కరికే ఇచ్చాను. చదివి కళ్ళజోడు తుడుచుకున్నారు. పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నారు. "నేను తాగింది నా పొగరు కొద్దీ. ఆ పిల్ల వేరే గతి లేక తాగింది" అన్నారు. ఆ సాయంత్రం నుంచి ఆయన ఇంటింటికీ తిరుగుతున్నారు. చేతిలో ఆసుపత్రి బిల్లు పట్టుకుంటారు. "ఒక్క గ్లాసుకి నాకు ఇంతైంది. అక్కడ నూట ఎనభై ఇళ్ళవాళ్ళు రోజూ తాగుతున్నారు. లెక్క మీరే చెయ్యండి" అని ఊరుకుంటారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళకి లెక్క చెయ్యడమంటే ఇప్పటికీ భయం. చెయ్యకుండానే ఇచ్చేస్తున్నారు. పిల్లికి బిచ్చం పెట్టని తాళాల షాపాయన కూడా ఇచ్చాడు. కాకపోతే సగం చిల్లర, సగం తాళాలు.

అయినా పైపు డబ్బుకి ఇంకా చాలా తక్కువ పడింది. అప్పుడు రేవు దగ్గర గోడౌను గోడకి రంగు వేయాలని కబురొచ్చింది. అరకిలోమీటరు గోడ. ఒక్కణ్ణే వేస్తే నెలన్నర పడుతుంది. ఈ టౌన్‌లో బోర్డులు రాసేవాళ్ళం పదకొండు మందిమి ఉన్నాం. రేట్లు తగ్గించి బేరాలు ఎగరేసుకుపోయారని ఒకరితో ఒకరికి మాటల్లేవు. నాకు తొమ్మిది మందితో లేవు. ఒక్కొక్కడి షాపుకీ వెళ్ళాను. అన్నేళ్ళ తర్వాత మాట్లాడ్డం కదా, ముందు ఏమనాలో తెలియక "ఎనామిల్ డబ్బా ఎంతకి కొంటున్నావ్?" అని మొదలుపెట్టాను. తర్వాత పాప సంగతి చెప్పాను.

పదకొండు మందీ వచ్చారు. నాలుగు రోజులు కూలి తీసుకోకుండా వేశాం. మాటలు మాత్రం మూడో రోజుకి గానీ కుదుటపడలేదు. గోడౌను ఆయన డబ్బు నేరుగా పైపుల షాపుకి కట్టాడు. ట్యాంకు సిమెంటు కూడా అందులోనే వచ్చింది.

ఆగస్టు మొదటి వారంలో లారీ బయల్దేరుతుంది. పైపులతోపాటు ఇంకొకటి పంపుతున్నాం. చూస్తే నీకే తెలుస్తుంది. ఇందులో బిందె లేదు.

బాబాయ్


సెప్టెంబరు 16

బాబాయ్,

నీళ్ళు వచ్చాయి. ముందు అది రాసి తర్వాత మిగతావి రాద్దామని.

కాలువ తవ్వడానికి ఐదు వారాలు పట్టింది. పొదుపమ్మ ఇంటికొకరని చెప్పి ఇద్దరిద్దరిని తెచ్చింది. ఎలా తెచ్చావని అడిగాను. "వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను" అంది. ఆవిడ ఏమీ అనకుండా గుమ్మంలో నిలబడితే, లోపలివాళ్ళు ఎంతసేపని ఓర్చుకుంటారు? పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి తవ్వేవాళ్ళు. రాతితో బతికేవాళ్ళు కాబట్టి మట్టి తవ్వడం వాళ్ళకి సెలవులా ఉందన్నారు.

మీ రెండో వస్తువు కూడా చేరింది. ఎనిమిదడుగుల చదరం రేకు, ఇనప చట్రం, మీద నూట ముప్ఫై నాలుగు దాతల పేర్లు. లారీలోంచి దించడానికి ఆరుగురు పట్టారు. చాలా బాగుంది. ఎక్కడ పెట్టాలో తెలియక ఆసుపత్రి గోడకి ఆనించాను. దాంతో నా కిటికీ మూసుకుపోయి, వారం రోజులు పగలే దీపం పెట్టుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేదానికి నువ్వు కోప్పడకూడదు. మేస్త్రి ట్యాంకు కట్టాడు కానీ, మూతకి సామాను మిగల్లేదు. కట్టిన మొదటి రోజే ఎండాకులు పడ్డాయి. రెండో రోజు ఒక గబ్బిలం పడింది. ట్యాంకంతా కడిగించాను. మూడో రోజు మేస్త్రి టేపు తీసుకుని నా కిటికీ దగ్గరికి వచ్చాడు. వద్దన్నాను. పెద్దమనుషులు పంపిన పేర్లు అన్నాను. "పేర్లు గొప్పవే సిస్టరమ్మా, కొలత ఇంకా గొప్పగా ఉంది" అన్నాడు. మర్నాడు లేచేసరికి నా గదిలోకి వెలుగొచ్చింది.

మూత వేసేటప్పుడు పెయింటు నీళ్ళ వైపు ఉండకూడదని నేనే చెప్పి తిప్పించాను. కాబట్టి మీ అందరి పేర్లూ ఆకాశం వైపు ఉన్నాయి. కింద నుంచి చూసేవాళ్ళకి కనిపించవు. కాకులకి బాగా కనిపిస్తాయి.

మొన్న పద్నాలుగున పదకొండింటికి కుళాయిలు తిప్పాం. ముందు గాలి వచ్చింది. తర్వాత బురద. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మేస్త్రి ఎవరి మొహమూ చూడలేదు. ఆ తర్వాత నీళ్ళొచ్చాయి. అంతమంది ఉన్నారు, ఒక్కరూ ముందుకు రాలేదు. పొదుపమ్మ వెళ్ళి దోసిలి పట్టి తాగింది. మళ్ళీ పట్టింది. "బాగున్నాయి" అంది. ఆవిడ లెక్కలో అది ఉపన్యాసం.

పిన్ని మోకాలికి నా తరఫున ఏం చెప్పాలో తెలియడం లేదు.

బుల్లి


సెప్టెంబరు 27

బుల్లీ,

నీ ఉత్తరంలో నీళ్ళు వచ్చిన భాగం సంఘంలో చదివాను. చప్పట్లు కొట్టారు. మూత భాగం చదవకూడదనుకున్నాను. కానీ కాగితం అటూ ఇటూ రాశావు కాబట్టి వెనక కూర్చున్న ఉపాధ్యక్షుడు చదివేశాడు.

గొడవైంది. అసలు ఆ బోర్డు వెనక నేను పడ్డ పాట్లు నీకు తెలియవు. ఎవరి పేరు ముందు రాయాలో తేలక, వయసు ప్రకారం రాస్తానన్నాను. ఆడవాళ్ళు వయసు చెప్పలేదు. అందుకని వాళ్ళని చివర పెట్టాను. పిన్ని నాతో మూడు రోజులు మాట్లాడలేదు. అంత కష్టపడి రాస్తే నువ్వు కాకులకి చూపిస్తున్నావని ఇద్దరు ఉపాధ్యక్షులు రాజీనామా చేశారు. వెంటనే వేరే ఇద్దరు చేరారు. ఉపాధ్యక్షులు ఐదుగురికి తగ్గడం ఈ సంఘానికి రాసిపెట్టి లేదు.

చివరికి మాస్టారు లేచారు. "పేర్లు గోడ మీద ఉంటే మనం చేసింది మనుషులకి కనిపించేది. ఇప్పుడు ఆ పేర్లు ఎండా వానా ఓర్చుకుంటూ నీళ్ళ మీద పని చేస్తున్నాయి. ఈ వీధిలో ఇంతకుముందు ఎవరి పేరైనా పని చేసిందా?" అని అడిగారు. టీ తెప్పించారు.

నాకు మాత్రం ఒకటే దిగులు. ఎండకి ఎరుపు వెలిసిపోతుంది. అక్షరాలు ఎరుపులో రాశాను. రెండేళ్ళకోసారి నేనే వచ్చి దిద్దుతాను. ట్యాంకెక్కడానికి నిచ్చెన ఉందా?

పిన్ని మోకాలు నీ మాట విని ఏమీ అనలేదు. పిన్ని మాత్రం మళ్ళీ ఆ నీళ్ళు వచ్చిన భాగం చదవమంది.

బాబాయ్


డిసెంబరు 9

బాబాయ్,

నిచ్చెన ఉంది. జవాబు ఆలస్యమైంది, ఇక్కడ కొంచెం చిక్కు వచ్చింది. ఇప్పుడు తీరింది కాబట్టి కంగారు పడకుండా చదువు.

పోయిన నెల మా ఆఫీసు నుంచి మెమో వచ్చింది. జూన్‌లో నా దగ్గర విరేచనాల కేసులు అరవై ఒకటి. అక్టోబరులో రెండు. మందులు పంపినవి పంపినట్టే ఉన్నాయి. "రోగుల సంఖ్య ఇంతగా తగ్గుటకు కారణము వారం లోపల తెలుపవలెను. సదరు నర్సు విధులకు హాజరగుచున్నదీ లేనిదీ అనుమానముగా నున్నది" అని రాశారు. నేను "నీళ్ళు" అని ఒక్క మాట రాసి పంపాను. ఇంకేం రాయాలో తోచలేదు. అది పొగరుగా ఉందని రెండో మెమో వచ్చింది. రోగులు లేనిచోట నర్సెందుకని, ఆసుపత్రి మూసి నన్ను వేరేచోటికి మార్చే ఆలోచనలో ఉన్నారట.

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. కండక్టరు చదివి అందరికీ చెప్పాడు.

సోమవారం ఆఫీసులో సంజాయిషీకి రమ్మన్నారు. వెళ్ళేసరికి వరండా నిండా మా ఆడవాళ్ళు, నలభై మంది. పొద్దుటి పని సగంలో దిగి క్వారీ లారీ ఎక్కి వచ్చేశారు. సుత్తులు చేతుల్లోనే ఉన్నాయి. బెదిరించడానికి కాదు, పెట్టడానికి చోటు లేక. ఆఫీసరు మాత్రం సుత్తులు చూస్తూనే మాట్లాడాడు. "మీకేం కావాలమ్మా?" అన్నాడు.

వాళ్ళు పొదుపమ్మని ముందుకి తోశారు. ఆవిడ మాట్లాడింది. అన్ని మాటలు ఒక్కసారి ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు.

"మా పిల్లలు మంచం పట్టట్లేదయ్యా. అందుకని ఈవిడ దగ్గరికి వెళ్ళట్లేదు. ఈవిడ పని చెయ్యకపోతే మేం రోజూ వెళ్ళేవాళ్ళం. మీ కాగితాలు నిండేవి. అప్పుడు మీరేమీ అడగలేదు. నా పిల్ల పోయినప్పుడు కారణం రాసి పంపమని ఎవరూ అడగలేదు. ఇప్పుడు బతుకుతున్నారు, దానికి కారణం అడుగుతున్నారు. రాసుకోండి. నేను చెబుతాను."

ఆఫీసరు కలం తీశాడు. "నీళ్ళు అనే రాస్తాను" అన్నాడు. మెమో వెనక్కి తీసుకున్నారు. ఆసుపత్రి ఉంటుంది. ఏప్రిల్‌లో అడిగిన సెలైన్ కూడా పంపిస్తామన్నారు, మాకిప్పుడు అంత అవసరం లేనప్పుడు.

తిరిగి లారీలో వస్తుంటే పొదుపమ్మ నా పక్కన కూర్చుంది. పెద్ద రోడ్డు దిగాక తొమ్మిది కిలోమీటర్లూ ఏమీ అనలేదు. ఇళ్ళు కనిపించాక, "సిస్టరమ్మా, నాకు నాలుగో నెల" అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. సుత్తి మధ్యలో అడ్డంగా ఉండి గుచ్చుకుంటూనే ఉంది.

మే నెలలో కాన్పు. అప్పటిదాకా నేను ఎక్కడికీ రాను, పిన్నికి చెప్పు. పాత మెత్తటి చీరలు ఉంటే రెండు పంపమను. నువ్వు బోర్డేమీ రాయకు. దీని మీద సంఘం పెట్టకు.

బుల్లి